అడవిలో వెదురు బల్ల



నిజమైన విశ్వాసికి నిరాశ రాదని మన సంఘాల్లో చాలామంది నమ్ముతారు. వచ్చిందంటే ప్రార్థన తగ్గిందనో, దాచుకున్న పాపమేదో ఉందనో అంటారు. ఆ మాటకు భయపడే ఎంతోమంది తమ దుఃఖాన్ని లోపలే అణచుకుని, ఆదివారం తెల్లబట్టలు కట్టుకుని ఆరాధనకు వచ్చి, అడిగినవారికి బాగున్నామని చెప్పి ఇంటికి వెళ్లిపోతున్నారు. భర్తను పోగొట్టుకున్న తల్లులు, బిడ్డను మట్టిలో పెట్టిన తండ్రులు, పరిచర్యలో నలిగిపోయిన పాస్టర్లు కూడా వారిలో ఉన్నారు. వారికోసం, వారి పక్కన కూర్చోవలసిన మనందరి కోసం ఈ వారం ఒక దైవజనుని జీవితాన్ని జ్ఞాపకం చేయదలిచాం.

ఆయన పేరు అదోనీరామ్ జడ్సన్. బర్మా ప్రజలకు వారి భాషలో బైబిలు అందించిన మిషనరీగా ఆయన లోకానికి తెలుసు. చెరసాలలో ఆయన పడిన శ్రమల గురించి మన ప్రసంగాల్లో తరచుగా వింటాం. అయితే చెర నుండి బయటికి వచ్చాక ఆయన అడవిలో గుడిసె వేసుకుని, తన కోసం ఒక గొయ్యి సిద్ధం చేసుకుని, దాని అంచున కూర్చున్న సంగతి మాత్రం అంతగా చెప్పుకోం. ఆ భాగం చెప్పకపోతే ఆయన సాక్ష్యం సగమే చెప్పినట్టు.

జడ్సన్ గారు 1788 ఆగస్టు 9న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం మాల్డెన్‌లో ఒక పాస్టరు ఇంట పుట్టారు. మూడేళ్లకే చదవడం నేర్చిన పిల్లవాడు. తండ్రికి కొడుకు మీద గొప్ప ఆశలు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో 1807లో తరగతిలో మొదటివాడిగా పట్టా తీసుకున్నారు. అయితే అక్కడే జేకబ్ ఈమ్స్ అనే తెలివైన స్నేహితుని ప్రభావంలో పడి, తండ్రి నేర్పిన విశ్వాసాన్ని లోలోపల విడిచిపెట్టారు. దేవుడు ఉంటే ఉండవచ్చు, మనుష్యుల సంగతి ఆయనకు పట్టదు అన్నది ఆ స్నేహితుని వాదం. ఈ మాట ఇంట్లో చెప్పిన రోజున తల్లి కన్నీళ్లు పెట్టుకున్నారు.

1808లో ఊళ్లు తిరగడానికి బయలుదేరిన ఆ యువకుడు ఒక రాత్రి ఒక సత్రంలో దిగారు. పక్క గదిలో ఒకరు చావుబతుకుల్లో ఉన్నారని సత్రం యజమాని ముందే చెప్పాడు. రాత్రంతా ఆ మూలుగులు వినిపిస్తూనే ఉన్నాయి. చనిపోతున్న ఆ మనిషి దేవుని ఎదుట నిలబడడానికి సిద్ధంగా ఉన్నాడా అన్న ప్రశ్న జడ్సన్ గారిని నిద్రపోనివ్వలేదు. తన స్నేహితుడు ఈ ఆలోచన వింటే ఎంత నవ్వుతాడో అనుకుని సిగ్గు కూడా పడ్డారు. తెల్లవారాక విచారిస్తే ఆ మనిషి చనిపోయాడని తెలిసింది. పేరు అడిగారు. జేకబ్ ఈమ్స్.

గుర్రాన్ని ఇంటి వైపు తిప్పారు. ఆ సంవత్సరమే ఆండోవర్ వేదాంత కళాశాలలో చేరి, డిసెంబరు నాటికి తన జీవితాన్ని దేవునికి సమర్పించుకున్నారు. మరణం పక్క గదిలో ఉండగా మొదలైన ఈ విశ్వాసం, తర్వాతి కాలంలో మరణం తన సొంత ఇంట్లోకే మళ్లీ మళ్లీ వచ్చినప్పుడు పరీక్షకు నిలవవలసి వచ్చింది.

1812 ఫిబ్రవరి 5న ఆన్ హాసెల్‌టైన్ గారిని వివాహం చేసుకున్నారు. మరునాడే అభిషేకం పొందారు. రెండు వారాల్లో భార్యాభర్తలిద్దరూ ఓడ ఎక్కారు. ప్రయాణంలో లేఖనాలు పరిశోధించి, విశ్వసించినవారికే బాప్తిస్మమన్న నిశ్చయానికి వచ్చి, కలకత్తాలో విలియం వార్డ్ గారి చేతుల మీదుగా ముంచడం ద్వారా బాప్తిస్మం పొందారు. ఈస్టిండియా కంపెనీ వారిని దేశంలో ఉండనివ్వలేదు. మారిషస్ దీవికి వెళ్లి, అక్కడి నుండి 1813 జూన్‌లో మద్రాసు చేరారు. కంపెనీ మళ్లీ పట్టుకుని పంపించివేసేలోగా వెళ్లిపోవాలంటే రేవులో సిద్ధంగా ఉన్నది రంగూను వెళ్లే ఓడ ఒక్కటే. తర్వాతి కాలంలో మన కాకినాడ, విశాఖ రేవుల నుండి వేలమంది కూలికి వెళ్లిన రంగం ఇదే. ఆ ప్రయాణంలోనే వారి మొదటి బిడ్డ చనిపోయి పుట్టింది. జూలై 13న రంగూనులో దిగినప్పుడు ఆన్ అమ్మగారు నడవలేని స్థితిలో ఉన్నారు.

అక్కడ పుట్టిన కొడుకు రోజర్ ఎనిమిది నెలలకే మరణించాడు. భాష నేర్చుకోవడానికే ఏళ్లు పట్టాయి. మౌంగ్ నా అనే మొదటి బర్మా విశ్వాసి బాప్తిస్మం పొందింది 1819 జూన్ 27న, అంటే వారు దిగిన దాదాపు ఆరేళ్లకు. 1823 నాటికి సంఘంలో 18 మంది ఉన్నారు. కొత్త నిబంధన తర్జుమా పూర్తయింది. ఇక పంట కనబడుతోందని ఆశ కలిగిన వేళ, జడ్సన్ దంపతులు రాజధాని ఆవాకు వెళ్లారు.

1824లో బర్మాకూ ఆంగ్లేయులకూ యుద్ధం మొదలైంది. తెల్లవారందరూ గూఢచారులేనన్న అనుమానంతో జూన్ 8న జడ్సన్ గారిని తాళ్లతో కట్టి మరణశిక్ష ఖైదీల చెరలో పడేశారు. కాళ్లకు మొదట మూడు జతల సంకెళ్లు, తర్వాత అయిదు. రాత్రివేళ ఖైదీల కాళ్ల మధ్యగా పొడవాటి వెదురు గడ దూర్చి, భుజాలూ తలా మాత్రమే నేలకు ఆనేలా పైకి లేపేవారు. ఆన్ అమ్మగారు గర్భవతిగా ఉండి కూడా ప్రతి అధికారి గుమ్మం ముందూ నిలబడి భర్త కోసం బతిమాలుకున్నారు. కొత్త నిబంధన రాతప్రతిని ఎవరూ ఆశించని గట్టి దిండులో పెట్టి కుట్టి, భర్తకు తలగడగా పంపారు. తర్వాత ఖైదీలను మరో చోటికి తరలించినప్పుడు కావలివారు ఆ దిండును పనికిరానిదని పారేశారు. మౌంగ్ ఇంగ్ అనే విశ్వాసి గురువుగారి గుర్తుగా దాన్ని ఇంటికి తీసుకుపోయి దాచుకున్నాడు. లోపల దేవుని వాక్యం ఉందని అతనికి తెలియనే తెలియదు.

1825 జనవరిలో మరియ అనే పాప పుట్టింది. రెండో చెరసాల ఉన్న పల్లెలో తల్లికి తీవ్రమైన జబ్బు చేసి పాలు ఎండిపోయాయి. అప్పుడు కావలివారికి జాలి కలిగి, సంకెళ్లతోనే జడ్సన్ గారిని ఊళ్లోకి వెళ్లనిచ్చారు. ఆ తండ్రి పసిబిడ్డను ఎత్తుకుని, పాలిచ్చే తల్లుల గుమ్మాల ముందు నిలబడి, కాస్త పాలు పట్టమని యాచించారు. ఇలా 17 నెలలు గడిచాయి. యుద్ధంలో ఓడిపోతున్న రాజుకు సంధి మాటలు నడిపే దుబాసీ కావలసి వచ్చి ఆయనను చెర విడిపించారు.

ఇక్కడితో కథ ముగిస్తే చక్కని సాక్ష్యం అవుతుంది. దేవుడు విడిపించాడని చెప్పి హల్లెలూయ పాడుకోవచ్చు. కానీ అసలు చీకటి ఆ తర్వాతే వచ్చింది.

1826లో కుటుంబం ఆమ్‌హర్స్ట్ అనే కొత్త పట్టణానికి చేరింది. సంధి పత్రంలో మతస్వేచ్ఛ చేర్పించవచ్చన్న ఆశతో జడ్సన్ గారు ఆంగ్లేయ రాయబారికి దుబాసీగా మళ్లీ ఆవా వెళ్లారు. ఆ స్వేచ్ఛ దొరకలేదు. నవంబరులో ఒక మనిషి నల్లముద్ర వేసిన ఉత్తరం తెచ్చి, పాప చనిపోయిందని చెప్పడానికి విచారిస్తున్నానన్నాడు. అతను పొరబడ్డాడో, దెబ్బ తట్టుకునేలా మనసును సిద్ధం చేయాలనుకున్నాడో తెలియదు. తల్లి అయినా దక్కిందన్న కృతజ్ఞతతో జడ్సన్ గారు గదిలోకి వెళ్లి ఉత్తరం విప్పారు. చనిపోయింది ఆన్ అమ్మగారు. అక్టోబరు 24న, 36 ఏళ్ల వయసులో. అప్పటికే ఆమెను హోపియా చెట్టు కింద సమాధి చేసి నెల అయింది.

ఆయన తిరిగి వచ్చాక మరియ కూడా 1827 ఏప్రిల్ 24న, రెండేళ్ల మూడు నెలల వయసులో, తల్లి పక్కనే మట్టిలో కలిసింది. జూలైలో తండ్రి మరణవార్త అందింది. సంకెళ్లకు లొంగని మనిషి ఇక్కడ విరిగిపోయారు. తాను దూరంగా ఉన్నప్పుడు భార్య ఒంటరిగా పోయిందన్న బాధ ఆయనను తినివేసింది. తన సేవ వెనుక కీర్తికాంక్ష ఉందేమోనని అనుమానించారు. విశ్వవిద్యాలయం ఇచ్చిన డాక్టరు బిరుదును వదులుకున్నారు. సొంత ఆస్తిని మిషనుకు ఇచ్చేశారు. తాను రాసిన పాత ఉత్తరాలను కాల్చివేయమని కోరారు. మనుషులతో కలిసి భోజనం చేయడం మానుకున్నారు. 1828 అక్టోబరు 24న, భార్య పోయి రెండేళ్లు నిండిన రోజున, మౌల్మేన్ పట్టణం వెలుపల అడవిలో కట్టుకున్న గుడిసెలోకి ఒంటరిగా వెళ్లిపోయారు. గొయ్యి సిద్ధం చేసుకుని, దాని పక్కన కూర్చుని, తన శరీరం అందులో ఎలా కుళ్లిపోతుందో ఊహించుకునేవారు. మరో ఏడాదికి, అదే తేదీన రాసిన ఉత్తరంలో, దేవుడు తనకు తెలియనివాడయ్యాడనీ, ఆయనను నమ్ముతున్నాను గాని కనుగొనలేకపోతున్నాననీ ఒప్పుకున్నారు.

ఆ ఒప్పుకోలును మనం తొందరపడి దాటిపోకూడదు. ఇది అవిశ్వాసి మాట కాదు. కొత్త నిబంధనను ఒక జాతి భాషలోకి తెచ్చినవాడి మాట. నమ్మకం ఉంది, ఆనందం లేదు. పునాది ఉంది, దీపం ఆరిపోయింది. కర్మెలు మీద అగ్ని దింపిన ఏలీయా ఆ తర్వాత కొద్దికాలానికే బదరీవృక్షం కింద పడుకుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. 88వ కీర్తన మొదటి నుండి చివరి వరకూ చీకటిలోనే నడిచి, చీకటిలోనే ముగుస్తుంది. అయినా పరిశుద్ధాత్ముడు దాన్ని గ్రంథంలో ఉంచాడు. దుఃఖపడే విశ్వాసికి బైబిలులో చోటుంది. మన సంఘాల్లో కూడా ఉండాలి కదా.

మరి జడ్సన్ గారు ఆ గొయ్యి దగ్గర నుండి ఎలా లేచారు? ఒక్క రాత్రిలో వచ్చిన దర్శనం ఏదీ ఆయన జీవితంలో మాకు కనబడదు. కృప మెల్లగా, చిన్న చిన్న మార్గాల్లో వచ్చింది.

మొదటిది సంఘం నుండి వచ్చింది. పులులు తిరిగే ఆ అడవిలో ఆయన ప్రార్థించుకోవడానికి కూర్చునే చోటును సంఘంలోని ఒక బర్మా డీకను కనిపెట్టాడు. అతను వచ్చి గురువుగారికి ఉపదేశం చేయలేదు, విశ్వాసం ఏమైందని అడగలేదు. ఆయన లేని సమయంలో వెళ్లి, కూర్చోవడానికి వెదురుతో ఒక బల్ల కట్టి, ఎండ తగలకుండా పైన కొమ్మలు అల్లి, చప్పుడు చేయకుండా వచ్చేశాడు. జడ్సన్ గారి దగ్గర సువార్త విన్న జనంలో ఒకడు చేసిన పని ఇది. ఆ రోజుల్లో గురువుకు కావలసిన ప్రసంగం ఆ బల్లే.

రెండవది ఒక మరణవార్త. తమ్ముడు ఎల్నాతాన్ కోసం జడ్సన్ గారు ఎన్నో ఏళ్లుగా ప్రార్థిస్తున్నారు. 1829లో అతను 35 ఏళ్లకే మరణించాడు. అయితే క్రీస్తునందు నిరీక్షణతో కన్నుమూశాడని ఉత్తరం వచ్చింది. దేవుడు కనబడని ఆ దినాల్లోనే, సముద్రాల అవతల, దేవుడు ఆ ప్రార్థనకు జవాబిస్తున్నాడు.

మూడవది పని. ఏమీ అనుభూతి లేకపోయినా చేతిలో ఉన్న పనిని ఆయన పూర్తిగా వదిలిపెట్టలేదు. 1830లో ప్రోమ్ పట్టణానికి వెళ్లి సువార్త ప్రకటించారు. రంగూనులో మేడగదిలో కూర్చుని పాత నిబంధన తర్జుమా సాగించారు. 1831లో పెద్ద పగోడా పండుగ వచ్చినప్పుడు సయాము, చైనా సరిహద్దుల నుండి కూడా జనం ఆయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, నిత్యుడైన దేవుని గురించిన రాతలు ఇమ్మని అడిగారు. అడిగినవారికి మాత్రమే ఇస్తేనే దాదాపు 10,000 కరపత్రాలు అయిపోయాయి. తాను దేవుణ్ణి కనుగొనలేనని రాసిన మనిషి గుమ్మం ముందే ఇప్పుడు వేలమంది దేవుణ్ణి వెదుకుతూ నిలబడ్డారు.

నాల్గవది, ఎవరూ లెక్కలోకి తీసుకోని ఒక మనిషి ద్వారా వచ్చింది. కో తా బ్యు అనే కరెన్ జాతివాడు దోపిడీలూ హత్యలూ చేసినవాడు, అప్పు తీర్చలేక దాసుడైనవాడు. మిషను వారు అతన్ని విడిపించారు. 1828 మే నెలలో, జడ్సన్ గారు చీకటిలోకి జారుతున్న కాలంలోనే, అతను బాప్తిస్మం పొందాడు. కొండల్లో ఉన్న తన జాతి దగ్గరకు అతనే సువార్త మోసుకెళ్లాడు. పల్లెలకు పల్లెలు ప్రభువు వైపు తిరిగాయి. జడ్సన్ గారు పడవల మీద ఆ కరెన్ పల్లెలకు వెళ్లి, బాప్తిస్మాలిచ్చి, వారి సంతోషంలో తన సంతోషాన్ని తిరిగి పొందారు. గోధుమ గింజ భూమిలో పడి చావడం గురించి ప్రభువు చెప్పిన ఉపమానం ఆయన కళ్ల ముందే నెరవేరింది.

1834 జనవరి 31న బర్మా బైబిలు చివరి పుట పూర్తయింది. ఆ కాగితాన్ని చేతపట్టుకుని ఆయన మోకాళ్లూని దేవునికి స్తోత్రం చెల్లించారు. దిండులో దాచిన కొత్త నిబంధన కూడా మౌంగ్ ఇంగ్ ఇంటి నుండి అప్పటికే తిరిగి దొరికింది. సరిచూసిన ప్రతి 1840లో సిద్ధమైంది. నేటికీ బర్మా సంఘాలు ఆ బైబిలునే ప్రీతితో చదువుతున్నాయి.

దుఃఖం ఆయనను అంతటితో వదలలేదు. 1834 ఏప్రిల్‌లో, కరెన్ల మధ్య సేవచేసి మరణించిన బోర్డ్‌మన్ గారి భార్య శారాను వివాహం చేసుకున్నారు. 1845లో స్వదేశానికి తీసుకెళ్తుండగా ఆమె సెయింట్ హెలెనా దీవి దగ్గర ఓడలో కన్నుమూశారు. ఆయన ఏడ్చారు. ఆమెను ఆ దీవిలో సమాధి చేసి, పిల్లలతో మళ్లీ ఓడ ఎక్కారు. ఈసారి ఆయన గొయ్యి సిద్ధం చేసుకోలేదు. కన్నీళ్లు అవే, మనిషి మాత్రం మారాడు. సమాధి ఆఖరి మాట కాదన్న సత్యం పుస్తకంలోని సిద్ధాంతంగా కాక, జీవించిన అనుభవంగా ఆయనలో స్థిరపడింది. నూతన జీవమంటే ఇదేనని మేము నమ్ముతున్నాం. 1850 ఏప్రిల్ 12న, 61 ఏళ్ల వయసులో, ఆరోగ్యం కోసం చేస్తున్న సముద్రయానంలో ఆయన ప్రభువునందు నిద్రించారు. దేహాన్ని సముద్రానికే అప్పగించారు. ఆయనకు సమాధి కూడా లేదు. బర్మాలో వేలమంది విశ్వాసులు ఉన్నారు.

తెలుగు సంఘాలకు ఈ జీవితం పరాయిది కాదు. జడ్సన్ దంపతులు కలకత్తాలో బాప్తిస్మం పొందిన ఫలితంగానే వారికి అండగా నిలవడానికి 1814లో అమెరికా బాప్టిస్టుల విదేశీ మిషను ఏర్పడింది. 1836లో శామ్యూల్ డే గారిని తెలుగు ప్రాంతానికి పంపింది ఆ మిషనే. నెల్లూరులో దశాబ్దాల పాటు ఫలం అంతగా కనబడక, ఆ పరిచర్యను మూసివేయాలని కూడా తలపెట్టారు. మూయలేదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. బంగాళాఖాతానికి అటూ ఇటూ దేవుని పద్ధతి ఒక్కటే. ఆలస్యంగా కనబడినా ఆయన పని ఆగలేదు.

ప్రియ పాఠకులారా, ఈ మాటలు చదువుతున్న మీలో ఎవరైనా ఇప్పుడు ఆ గొయ్యి పక్కన ఉంటే, మీరు దేవునికి దూరమైపోయారని అనుకోకండి. ఆయన మీకు కనబడకపోవచ్చు, ఆయన దృష్టి నుండి మీరు తప్పిపోలేదు. ఒంటరిగా ఉండకండి. మీ పాస్టరుకో, నమ్మదగిన ఒక సహోదరునికో సహోదరికో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. చనిపోవాలన్న తలంపు వస్తుంటే ఆ రోజే చెప్పండి. వైద్యుని దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు. లూకా వైద్యుడే.

సంఘ పెద్దలకు మా మనవి ఒకటుంది. వచ్చే ఆదివారం ఆరాధనకు ఎవరు రావడం మానేశారో చూడండి. ఏ ఇంట్లో మరణం జరిగి, నలభై రోజుల కూడిక తర్వాత ఎవరూ మళ్లీ ఆ గడప తొక్కలేదో గుర్తు చేసుకోండి. వెళ్లినప్పుడు కారణాలు వెదకకండి, యోబు స్నేహితుల్లా తీర్పు చెప్పకండి. కాస్త అన్నం పట్టుకెళ్లండి. పక్కన కూర్చోండి. ఆ బర్మా డీకను చేసిన పని మనలో ఎవరైనా చేయగలిగినదే. నాలుగు వెదురు బద్దలు, కాస్త నీడ చాలు. అక్కడి నుండి లేవనెత్తేది మాత్రం సమాధిని గెలిచి లేచిన ప్రభువే. ఆయన నిరీక్షణ మీ ఇంటనూ మీ సంఘంలోనూ నిలుచును గాక.